మలుపు దీపం వెలగనివ్వాలా, వద్దా?

పిల్లలూ, మీలో ఎవరికీ కారు నడిపే వయసు లేదు. పద్దెనిమిదేళ్ళు నిండితేగాని లైసెన్సు రాదు. మరి కారు దీపాల సంగతి మాకెందుకు మాస్టారూ అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఆ దీపం కారులో కూర్చున్నవారి కోసం పెట్టినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అది ఎక్కువగా బయట ఉన్నవారి కోసం. చీకటి పడ్డాక ట్యూషను నుంచి సైకిలు మీద ఇంటికి వచ్చేది మీరు. కారు మలుపు తిరుగుతుంటే రోడ్డు అంచున ఒదిగి నిలబడేది మీరు. కాబట్టి ఆ దీపం వెలగాలో వద్దో అన్న తగువులో మీకూ ఒక ఓటు ఉండాలని నా అభిప్రాయం.

తగువు మా ఇంట్లోనే మొదలైంది. మా తమ్ముడు ఒక చిన్న కారు కొన్నాడు. కొత్తది కాదు, ఎవరో నాలుగేళ్ళు వాడి అమ్మినది. తమ్ముడి కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. కథల పుస్తకం దొరక్కపోతే మందుసీసా మీది కాగితమైనా చదివే రకం. కారుతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని అట్ట నుంచి అట్టదాకా చదివేసింది. చదివి, స్టీరింగు పక్కన ఉన్న తెరమీద ఒక వరుస వెతికి పట్టుకుంది. అక్కడ ‘ఆటోమాటిక్ కార్నరింగ్ లైట్’ అని ఉంది. దాని ఎదుట గడి ఖాళీగా ఉంది. అంటే పాత యజమాని దాన్ని ఆపేసి ఉంచాడన్నమాట.

అదేమిటో ముందు చెబుతాను. చాలా కార్లకు ముందు బంపరులో, నేలకు దగ్గరగా, రెండు చిన్న దీపాలుంటాయి. అవి పొగమంచులో వాడే ఫాగ్ లైట్లు. కొన్ని కార్లలో వీటికి ఇంకో పని కూడా అప్పగించారు. రాత్రి పెద్ద దీపాలు వెలుగుతుండగా, కారు నెమ్మదిగా పోతూ, డ్రైవరు స్టీరింగును ఎడమకు బాగా తిప్పినా, ఎడమ ఇండికేటరు వేసినా, ఎడమవైపు ఫాగ్ లైటు ఒక్కటే తనంతట తాను వెలుగుతుంది. కుడికి తిప్పితే కుడిది వెలుగుతుంది. మలుపు పూర్తికాగానే ఆరిపోతుంది. అంతే. మనం మలుపు దీపం అని పిలుచుకుందాం.

మా తమ్ముడు అది వద్దన్నాడు. “బల్బు దండగ, పెట్రోలు దండగ, ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. ఇన్నాళ్ళూ ఇది లేకుండానే తిరగలేదా?” అన్నాడు. “పెట్టింది వెలగడానికే గదా నాన్నా” అని పిల్ల. ఇద్దరివీ వాదాలే గాని, రెండింటిలోనూ కొలత లేదు. చివరికి “పెదనాన్నా, నువ్వు చెప్పు” అని నా దగ్గరకు తెచ్చారు.

తమ్ముడి ఆఖరి మాట ముందు తీసుకుంటాను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. మా తాతగారి రోజుల్లో రాత్రి ప్రయాణం ఎడ్లబండి మీద. బండి ఇరుసు కింద కిరసనాయిలు లాంతరు వేలాడదీసేవారు. ఆ వెలుగు ఎంత? రెండు మూడు గజాలు. కాని అది నాలుగు వైపులా పడేది. బండి ఎటు తిరిగినా పక్కన ఉన్న మనిషి కాళ్ళు కనిపించేవి. ఎద్దులు మనిషి నడకతో పోతాయి గనుక ఆ రెండు మూడు గజాలే చాలు. తరువాత కారు వచ్చింది. వేగం పెరిగింది కాబట్టి వెలుగు దూరం పోవాలి. దూరం పోవాలంటే వెలుగునంతా అద్దంతో ఒకవైపుకే మళ్ళించాలి. అలా ముందువైపు పట్టపగలయింది, పక్కలు చీకటయ్యాయి. లాంతరుకున్న గుణం ఒకటి పోయింది. మలుపు దీపం ఆ పోయినదాన్ని కొంచెం తిరిగి తెచ్చే ప్రయత్నమే.

అయితే ఎంత పోయింది? ఇది లెక్కవేసి చూడవచ్చు. పదో తరగతి రేఖాగణితం చాలు. తొమ్మిదో తరగతి వాళ్ళు కూడా భయపడనక్కరలేదు.

కారు మలుపు తిరుగుతున్నంతసేపు ఒక వృత్తం మీద పోతోందనుకోండి. దాని దీపాలు మాత్రం స్పర్శరేఖ వెంట, అంటే తిన్నగా ముందుకు చూస్తాయి. కారు కాసేపట్లో చేరబోయే చోటు మాత్రం వృత్తం మీదే ఉంది. కారు నుంచి ఆ చోటికి గీత గీస్తే అది జ్యా. స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య కోణం, ఆ చాపం కేంద్రం దగ్గర చేసే కోణంలో సగం. ఇది రేఖాగణితంలోని ఒక సిద్ధాంతం. పరీక్షకు తప్ప పనికిరాదని మా విద్యార్థులు అనుకునే సిద్ధాంతం.

ఊళ్ళో ఒక ఇరుకు మలుపు తీసుకుందాం. వ్యాసార్థం 6 మీటర్లు. కారు వేగం గంటకు 15 కిలోమీటర్లు, అంటే సెకనుకు దాదాపు 4.2 మీటర్లు. ఏదో అడ్డం కనిపించి, డ్రైవరు కాలు బ్రేకు మీద పడేసరికి ఒక సెకను పోతుందనుకుంటే, కారు 4.2 మీటర్లు జరిగిపోతుంది. బ్రేకు పడ్డాక ఆగడానికి ఇంకో మీటరున్నర. మొత్తం సుమారు 6 మీటర్లు. కాబట్టి డ్రైవరుకు కనీసం 6 మీటర్ల ముందు దారి కనిపించాలి. చాపం 6 మీటర్లు, వ్యాసార్థమూ 6 మీటర్లు. అంటే కేంద్రం దగ్గర కోణం సరిగ్గా ఒక రేడియను, 57 డిగ్రీల పైచిలుకు. అందులో సగం దాదాపు 29 డిగ్రీలు. డ్రైవరు చూడవలసిన చోటు దీపం చూస్తున్న దిక్కుకు 29 డిగ్రీలు పక్కన ఉన్నదన్నమాట! మామూలు దీపాల గట్టి వెలుగు మధ్యగీతకు అటూ ఇటూ పదీ పదిహేను డిగ్రీల మేర ఉంటుంది. ఆపైన పలచబడిపోతుంది. అక్కడ నల్లచొక్కా వేసుకున్న మనిషి నిలబడితే ఏమవుతుందో ఊహించండి.

ఇప్పుడు పెద్ద రహదారి మలుపు చూద్దాం. వ్యాసార్థం 300 మీటర్లు, వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఇదే లెక్కన ఆగడానికి సుమారు 60 మీటర్లు కావాలి. కేంద్రం దగ్గర కోణం 60ని 300తో భాగించగా 0.2 రేడియను, పదకొండున్నర డిగ్రీలు. సగం చేస్తే ఆరు డిగ్రీలు కూడా లేదు. మామూలు దీపమే అక్కడికి అందుతుంది.

చూశారా? వేగంగా పోయే మలుపు ప్రమాదమని మనం అనుకుంటాం. ప్రమాదమే. కాని దీపం పక్కకు చూడవలసిన అవసరం నెమ్మదిగా తిరిగే ఇరుకు మలుపులోనే ఎక్కువ. మలుపు దీపాలు గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటితే వెలగకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో రాసి ఉంది. ఆ నియమం మొదట చదివినప్పుడు నాకు పిసినారితనంలా తోచింది. లెక్క వేశాక అర్థమైంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపులు, కాలువ గట్టు మీంచి ఊళ్ళోకి దిగే కల్వర్టు, సందులోంచి ఇంటి గేటులోకి తిరగడం, ఇవీ దాని చోట్లు.

కాగితం మీద లెక్క సరే, కంటికి తేడా తెలుస్తుందా? ఒక ఆదివారం రాత్రి మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో పరీక్ష పెట్టాం. ఒక మేకు పాతి, 6 మీటర్ల తాడు కట్టి, ముగ్గుతో పావు వృత్తం గీశాం. దాని మొదట్లో కారు నిలబెట్టాం, స్పర్శరేఖ వెంట ముఖం పెట్టి. చాపం వెంట 6 మీటర్లు కొలిచి అక్కడ ఒక కుర్చీ వేసి, పాత గోనెసంచి కప్పాం. తమ్ముణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, “ఏం కనిపిస్తోంది?” అని అడిగాను. మలుపు దీపం లేకుండా, “ఏదో మబ్బుగా ఉంది. కుర్చీ అక్కడ పెట్టారని తెలుసు కాబట్టి కుర్చీ అంటున్నాను” అన్నాడు. నిజాయితీగల జవాబు. ఇండికేటరు వేసి దీపం వెలిగించాక కాసేపు మాట్లాడలేదు. తరువాత, “సంచి కింద అంచు చిరిగి ఉంది” అన్నాడు.

అయితే ఆ రాత్రే ఇంకో రెండు సంగతులు కూడా బయటపడ్డాయి. దీపం నేలకు దగ్గరగా ఉంది కాబట్టి వెలుగు కుర్చీ కాళ్ళ మీదా, కూర్చునే పలక మీదా పడిందిగాని వీపు మీద అంతగా పడలేదు. మనిషైతే మోకాళ్ళ దాకా బాగా కనిపిస్తాడు, ముఖం కనిపించదు. ఇది లోపమా? నా దృష్టిలో మేలు. కాళ్ళు కనిపిస్తే డ్రైవరు ఆగుతాడు, ముఖం మీద పడితే మనిషి కళ్ళు చెదురుతాయి. ఫాగ్ లైటును అలా తయారుచేయడానికి కారణం వేరే ఉంది. పొగమంచులోని నీటిబిందువులు వెలుగును వెనక్కి, డ్రైవరు కంటిలోకే చిమ్ముతాయి. అందుకని వెలుగు పైకి పోకుండా, బల్లపరుపుగా, బాగా వెడల్పుగా పరిచేలా దాని అద్దాన్ని మలిచారు. మంచు కోసం చేసిన వెడల్పు మలుపుకు అక్కరకు వచ్చింది. కాబట్టి ఎదుటివాడి కళ్ళలో కొడుతుందన్న మా తమ్ముడి ఆక్షేపణ, దీపం సరిగా బిగించి ఉంటే, పెద్దగా నిలవదు. గుంటల్లో పడి బంపరు కదిలి, దీపం పైకి చూస్తుంటే మాత్రం నిలుస్తుంది. అటువంటి కార్లు రోడ్డు మీద తక్కువేమీ లేవు.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మా తమ్ముడు ఊళ్ళో ఇండికేటరు వెయ్యడు. “ఇక్కడ ఎవరికి చూపించాలి?” అంటాడు. ఇండికేటరు వెయ్యకుండా స్టీరింగు తిప్పితే దీపం వెలిగింది గాని, చక్రాలు సగం తిరిగాక వెలిగింది. అప్పటికే కారు మలుపులోకి ముక్కు పెట్టేసింది. ఇండికేటరు ముందుగా వేస్తే దీపమూ ముందుగానే వెలిగి, తిరగబోయే చోటును చూపిస్తుంది. ఒకటి రెండు సెకన్ల తేడాయే. ఒక సెకనులో 4.2 మీటర్లని ఇందాక మనమే లెక్కవేశాం గదా!

పెట్రోలు సంగతి తొందరగా తేల్చేస్తాను. మా తమ్ముడి కారులోది హాలోజన్ బల్బు, 55 వాట్లు. ఒక్కో మలుపుకు 10 సెకన్లు వెలిగిందనుకుంటే 550 జౌళ్ళు. లీటరు పెట్రోలు మండితే సుమారు 3 కోట్ల 40 లక్షల జౌళ్ళ శక్తి వస్తుంది. అందులో ఎక్కువభాగం ఇంజను వేడిలోనూ, పొగలోనూ, విద్యుత్తును పుట్టించే ఆల్టర్నేటరులోనూ పోతుంది. ఎనిమిదో వంతే విద్యుత్తుగా చేతికి వస్తుందనుకున్నా 42 లక్షల జౌళ్ళు. దాన్ని 550తో భాగించండి. ఏడువేల అయిదువందల పైచిలుకు మలుపులు! రోజూ రాత్రిపూట నలభై మలుపులు తిరిగినా లీటరు పెట్రోలు ఆరు నెలలు వస్తుంది. ఈ లెక్క చూపించాక తమ్ముడు పెట్రోలు మాట ఎత్తలేదు.

బల్బు విషయంలో మాత్రం అతను చెప్పినదాంట్లో సైన్సు ఉంది. మీ బడిలో మల్టీమీటరు ఉంటే పాత 55 వాట్ల కారు బల్బు ఒకటి సంపాదించి నిరోధం కొలవండి. సూత్రం ప్రకారం, 12 వోల్టుల దగ్గర వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 144ను 55తో భాగించినంత, అంటే 2.6 ఓములు ఉండాలి. మీటరు మాత్రం అందులో పదో వంతుకు అటూ ఇటూగా చూపిస్తుంది. మీటరు తప్పు కాదు. టంగ్‌స్టన్ తీగ చల్లగా ఉన్నప్పుడు నిరోధం బాగా తక్కువ, వేడెక్కితే పెరుగుతుంది. కాబట్టి స్విచ్చి వేసిన మొదటి క్షణంలో మామూలుకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ విద్యుత్తు ఆ తీగలోకి దూసుకొస్తుంది. ఇంట్లో పాతకాలపు బల్బులు ఎక్కువగా వెయ్యగానే టప్పున పోయేవి, ఇందుకే. రోజుకు పదిసార్లు వెలిగి ఆరే బల్బుకు ఆయువు తగ్గుతుంది. పోయిన బల్బు పొగమంచు రోజున అక్కరకు రాదు కూడా. ఒప్పుకుంటాను. కాని కొత్త బల్బుకు కొన్ని వందల రూపాయలు అవుతాయి. మనిషి కాలు విరిగితే ఎంతవుతుందో ఎవరైనా అనుభవించినవారిని అడగండి. ఎల్‌ఇడి దీపాలున్న కార్లలో ఈ బాధ లేదు, వాటిలో కాలే తీగే ఉండదు.

ఈ ఆలోచన ఈనాటిది కాదు. అమెరికాలో టక్కర్ అనే ఆయన 1948లో తయారుచేసిన కారుకు నుదుటి మీద మూడోకన్నులా మధ్యలో ఒక దీపం ఉండేది. స్టీరింగు తిప్పితే అదీ తిరిగేది. అప్పట్లో అక్కడి కొన్ని రాష్ట్రాలలో రెండుకు మించి ముందు దీపాలు ఉండకూడదని చట్టం ఉండటంచేత, ఆ మూడోదానికి మూత కూడా చేశారు! ప్రోటోటైపుతో కలిపి 51 కార్లతోనే ఆ కథ ముగిసింది. 1967లో ఫ్రాన్సులో సిట్రోయెన్ డిఎస్ అనే కారుకు అద్దం వెనక రెండేసి దీపాలు పెట్టి, లోపలి జతను స్టీరింగుతోపాటు తిరిగేలా తీగలతో కలిపారు. బొమ్మ దొరికితే చూడండి, అందమైన కారు. వీటితో పోలిస్తే మన చిన్నకార్లలోది పేదవాడి ఉపాయం. తిరిగే దీపం లేదు, మోటారు లేదు. ఉన్న ఫాగ్ లైటుకే ఇంకో పని చెప్పారు, అంతే. నాకు ఈ పొదుపు నచ్చింది.

అలాగని దీనికోసమే పై రకం కారు కొనమని నేను ఎవరికీ చెప్పను. ఇంకోమాట. కొన్ని కార్లలో ఈ ఏర్పాటు తెరమీద కనిపించదు. లోపలి కంప్యూటరులో ఒక సున్నాను ఒకటిగా మార్చితే వెలుగుతుందని చెప్పే మెకానిక్కులున్నారు. అబద్ధం కాదు, కొన్ని కార్లలో అది సాధ్యమే. కాని రెండు ఫాగ్ లైట్లకూ ఒకే తీగనుంచి విద్యుత్తు వస్తుంటే, ఏ అంకె మార్చినా ఒకటి వెలిగి రెండోది ఆరి ఉండదు. తీగల పటం చూడకుండా అంకెలు మార్చేవాడి చేతికి కారు ఇవ్వకూడదని నా సలహా. గడి ఉంటే టిక్కు పెట్టండి, లేకపోతే ఊరుకోండి, నెమ్మదిగా తిరగండి. ఇక దీపం మీద బురద! వానాకాలంలో బంపరు కింది దీపాలు మట్టి పూసుకుని ఉంటాయి. తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే వచ్చే వెలుగు ఏ కంప్యూటరూ ఇవ్వలేదు. ఈ పని మాత్రం మీ చేతుల్లో ఉంది. కారు ఇంటిముందు ఆగి ఉన్నప్పుడు మీరే తుడవవచ్చు.

తమ్ముడు గడిలో టిక్కు పెట్టాడు. కొన్నాళ్ళకు ఫోను చేశాడు. వాళ్ళ ఊరికి కాలువ గట్టు మీంచి పోవాలి. గట్టు దిగేచోట పిట్టగోడ లేని కల్వర్టు ఒకటుంది, నాకూ తెలుసు. రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడ తిరుగుతుంటే, కల్వర్టు అంచున ఇద్దరు పిల్లలు సైకిలు చైను ఊడిపోయి కూర్చుని ఉన్నారట. సైకిలుకు దీపం లేదు, వెనక ఎర్రబిళ్ళ కూడా లేదు. “అన్నయ్యా, ముందు కాళ్ళు కనిపించాయి” అన్నాడు. ఇండికేటరు వేశావా అని అడిగాను. పిల్ల పక్కనే ఉంది, వెయ్యక తప్పిందికాదు అన్నాడు. మలుపు దీపం లేకపోతే వాళ్ళను చూసేవాడు కాదని నేను రుజువు చెయ్యలేను. ఆ మలుపు అదే రాత్రి రెండుసార్లు, ఒకసారి దీపంతో ఒకసారి దీపం లేకుండా, ఎవరూ తిరగలేదు కదా.

ఇక మీరు చేయవలసిన పని. మీ ఊళ్ళో మీరు రోజూ దాటే ఇరుకు మలుపు ఒకటి ఎంచుకోండి. పగటిపూట, బళ్ళు లేని సమయంలో, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి. మలుపు లోపలి అంచు మీద 4 మీటర్ల తాడును రెండు కొసలూ అంచును తాకేలా బిగువుగా పట్టండి. తాడు మధ్యబిందువు నుంచి రోడ్డు అంచుకు ఎంత దూరముందో స్కేలుతో కొలవండి. తాడు పొడవు వర్గాన్ని ఆ దూరానికి ఎనిమిది రెట్లతో భాగించి, వచ్చినదానికి ఆ దూరంలో సగం కలిపితే అంచు వ్యాసార్థం వస్తుంది. దూరం 35 సెంటీమీటర్లయితే వ్యాసార్థం 6 మీటర్లకు కొంచెం తక్కువ. కారు అంచుకు కాస్త ఎడంగా పోతుంది గనుక ఇంకో మీటరు కలుపుకోండి. దానితో, గంటకు 15 కిలోమీటర్ల వేగానికి దీపం ఎన్ని డిగ్రీలు పక్కకు చూడాలో లెక్కకట్టి పత్రికకు రాసి పంపండి. ఆ మలుపులో వీధిదీపం వెలుగుతోందో లేదో కూడా రాయండి.